రొయ్యల గుంటకి ఒక అమావాస్య గడి

నెల్లూరు వెళ్లొచ్చి వారమైంది. ఇంటికొచ్చిన వాళ్లంతా చేపల పులుసు తిన్నావా అని అడగడం మానేసి నా పాదాలకేసి చూస్తున్నారు. అరికాళ్ల నుంచి చీలమండల దాకా గోధుమరంగు. గోరింటాకు కాదు, జబ్బు కాదు, మొక్కు అసలే కాదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ మూడు రోజుల ప్రయాణం రాయడానికి కూర్చున్నాను.

వరంగల్లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, నోరు అంతకన్నా ఊరుకోదు. ప్రెస్సు మూతపడ్డాక ఆ దురద తీర్చుకోవడానికి ఒక దారి దొరికింది. రైతులు తమ పంట వివరాలు ఫోన్‌లో రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాని అసలు పేరు నాలుక తిరగదు కాబట్టి నేను 'పొలం' అంటాను. అది ఓపెన్ సోర్స్. అంటే దాన్ని ఎవరూ అమ్మరు. ఎలా తయారైందో లోపలి రాతంతా అందరికీ కనబడేలా తెరిచి పెడతారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు, బాగుచేసింది మళ్లీ అందరికీ ఇవ్వాలి. ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా దానికి పని చేస్తుంటారు. అందులోని ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేసేది నేను.

'పొలం' బాధ్యతలు చూసే పెద్ద ఆండ్రియాస్. ఎక్కడో చలి దేశంలో ఉంటాడు. ఆయన దగ్గర్నుంచి ఓ రోజు ఉత్తరం వచ్చింది. నెల్లూరు తీరం నుంచి సువార్త అనే అమ్మాయి రొయ్యల గుంటల కోసం కొత్త పేజీ తయారుచేసి పంపిందట. ఏడాదిన్నర కష్టం, చాలా బాగుందట. వీళ్లు పరిశీలిస్తూ కొన్ని ప్రశ్నలు అడిగారట. వాళ్లు అడిగిన భాగమల్లా ఆమె తీసేస్తూ పోయి, చివరికి మొత్తం పేజీనే వెనక్కి తీసుకుందట. కారణం చెప్పదు. కొత్త వెర్షన్‌లో ఏముండాలో ఆదివారం సమావేశంలో తేల్చేస్తారు. అది దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. మీది ఒకటే భాష కదా, ఓసారి వెళ్లి కనుక్కుంటావా అని అడిగాడు. ఆయన దృష్టిలో వరంగల్, నెల్లూరు పక్కపక్క వీధులు.

సువార్తకి రాశాను. జవాబు వెంటనే వచ్చింది. "రండక్కా. కానీ నేనింక ఆ పని చెయ్యను. మీకు ఊరికే శ్రమ." ఆ రెండో వాక్యం చదివాకే టికెట్టు కొన్నాను.

కావలి

కావలి దాకా నా ఎదురు సీటు ఖాళీ. అక్కడ ఒక పెద్దాయన ఎక్కాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు డబ్బా. వరి పండిస్తాడట, నెల్లూరులో కూతురింటికి వెళ్తున్నాడు. కూర్చోగానే డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. పులిబొంగరాలు. పులిసిన దోశల పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి గుండ్రంగా వేయిస్తారు. మా వైపు ఇంచుమించు ఇలాంటివాటినే పునుగులంటాం. పేరు ఏదైనా, నూనె అంటిన వేళ్లు దేనికి తుడుచుకోవాలన్న ఇబ్బంది మాత్రం ఒకటే.

"ఏం పని మీద పోతా ఉండారమ్మా?" అన్నాడు.

చెప్పాను.

"జీతమెంత ఇస్తారు?"

"ఇవ్వరండీ."

"రైలు చార్జీ?"

"నాదే."

పెద్దాయన డబ్బా మూత సగం మూశాడు. ఇలాంటి మనిషికి ఎన్ని పెట్టొచ్చో ఆలోచిస్తున్నట్టుంది. నేను గాభరాపడి ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో మళ్లీ మొదట్నుంచి చెప్పాను. ఒకరు రాస్తారు, అందరికీ ఇస్తారు, తీసుకున్నవాళ్లు మెరుగు చేస్తారు, మెరుగు చేసింది దాచుకోకూడదు.

"అట్టనా! మా నాయన మొలగొలుకుల వరి విత్తనం అట్నే ఇచ్చేవాడు. తీసకపొయ్యినోడు పండించుకోని, అందులో మంచి గింజ ఏరి ఇంకొకడికి ఇయ్యాల. లేదనకూడదు. అదొక్కటే షరతు," అన్నాడు. ఈ సాఫ్ట్‌వేర్ వెంట పది పేజీల ఇంగ్లీషు ఒప్పందం ఉంటుంది. నేను దాన్ని నాలుగేళ్లుగా చదువుతున్నాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ అర్థం కాలేదు. మూత మళ్లీ పూర్తిగా తెరుచుకుంది. నెల్లూరు వచ్చేసరికి డబ్బాలో రెండే మిగిలాయి, సిగ్గుపడి అవి వదిలేశాను.

ఇందుకూరుపేట

నెల్లూరులో దిగి డెబ్బై రూపాయల కారం దోశ తిన్నాను. ఎర్ర కారం పూసి, పైన పప్పుల పొడి జల్లి ఇచ్చారు. కళ్లు తుడుచుకుంటూ ఇంకోటి చెప్పాను. వరంగల్ వాళ్లం కారానికి జడవం అనుకునేదాన్ని. ఇక ఆ మాట బహిరంగంగా అనను.

ఇందుకూరుపేట దారిలో ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో తెల్లటి నురగ లేపుతూ ఏరియేటర్లు తిరుగుతుంటాయి. నీటిలో గాలి కలపడానికవి. సువార్త పనిచేసేది రోడ్డు మీది ఒక నీటి పరీక్షల ల్యాబులో. రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో గుంట నీళ్లు పట్టుకొస్తారు. సీసాకి కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేసి పేరు రాస్తారు. నేను వెళ్లేసరికి బల్ల మీద ముప్పై సీసాల దాకా ఉన్నాయి. వాటి వెనక, ముప్పై రెండు ముప్పై మూడేళ్ల సన్నటి అమ్మాయి, తల ఎత్తకుండా నీళ్లలో వేసే మందు చుక్కలు లెక్కపెడుతోంది.

"కూచోండక్కా. ఈ సీసా అయిపోతే వచ్చేస్తా," అంది. ఆ సీసా తర్వాత పదకొండు సీసాలు అయ్యాయి.

ఆ మధ్యలో నాకు తోడుగా దొరికిన మనిషి రమణయ్య. ఆయనకి మైపాడు దారిలో మూడు గుంటలున్నాయి. సువార్త తయారుచేసిన పేజీని ఏడాదిగా వాడి చూస్తున్న రైతు ఆయనే. ఫోన్ తీసి చూపించాడు. అద్దం పగిలి టేపు వేసిన పాత ఫోన్. గుంటల దగ్గర నెట్ రాదు. ఈ పేజీ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, రోడ్డెక్కాక దానంతటదే పైకి పంపుకుంటుంది.

"దీంట్లో చూసే పోయినసారి పంట నిలబెట్టుకున్నా మేడమ్. ఆక్సిజన్ తగ్గతా ఉండాదని ముందే తెలిసిపొయ్యింది. ఇప్పుడేమో ఈ పాప తీసేస్తానంటా ఉండాది," అన్నాడు.

"తీసేయడం కాదన్నా. అది సొంతంగా నిలబడదు. పొలం కొత్త వెర్షన్ వస్తే ఈ పాత పేజీ దాంతో కలవదు. వాళ్లు చేర్చుకుంటేనే నడస్తాది," అంది సువార్త, సీసా వైపే చూస్తూ.

అంటే సంగతి ఇది. ఆదివారం పేజీ లోపలికి వెళ్తే ఈ తీరం మీద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వెళ్లకపోతే రమణయ్య మునుపటిలా కొలతలన్నీ అగ్గిపెట్టె మీద రాసుకోవాలి, ఆమె ఏడాదిన్నర నీళ్లపాలు.

"ఎందుకు వెనక్కి తీసుకున్నావమ్మా?" అన్నాను.

"నాకు సరిగ్గా రాదక్కా. వాళ్లు పెద్ద పెద్ద చదువులు చదివినోళ్లు," అంది. అంతే, ఇంకో సీసా అందుకుంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మైపాడుకి కాస్త ఇవతల, రెండు గదుల డాబా. సువార్త అత్తగారు కరుణమ్మ గుమ్మంలోనే ఉంది. వరంగల్ నుంచి అపురూపంగా తెచ్చిన సకినాలు ఆమె చేతిలో పెట్టాను. రైల్లో ఎవరో నా సంచి మీద కూర్చున్నారని అప్పుడు తెలిసింది. కరుణమ్మ పొట్లం విప్పి చూసి, "పిండి కొట్టి తెచ్చినారా అమ్మా?" అంది పాపం, ఎంతో మర్యాదగా. గరిటెతో తినొచ్చని చెప్పాను. నిజంగానే గరిటెతో తిన్నాం.

కరుణమ్మకి నా మీద కోపం లేదు కానీ నా సాఫ్ట్‌వేర్ మీద ఉంది. "ఆరు దినాలు ల్యాబుకి పోతాది. ఇంటికొచ్చి పొయ్యి కాడ ఒక చెయ్యి, ఆ కంప్యూటర్ పెట్టె మీద ఒక చెయ్యి. పైసా రాదు. ఊరికే చేసే పనికి అన్ని గంటలా? మీరన్నా చెప్పండి," అంది. నేను ఏ వైపు చెప్పడానికి వచ్చానో ఆమెకి తెలియనట్టుంది. బొమ్మిడాయిల పులుసు వడ్డించింది. అది తింటూ ఆమెకి ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు.

గుంటల గట్టున

శనివారం సువార్త ల్యాబుకి సెలవు పెట్టింది, పొద్దున రమణయ్య గుంటల దగ్గరికి వెళ్లాం. అక్కడ ముందు ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో వంకాయ రంగు నీళ్లు. బయటి రోగాలు గుంటలోకి పోకుండా ఎవరొచ్చినా పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచి వెళ్లాలి. ముంచి తీయాలని నాతో ఎవరూ అనలేదు. నేను మా ఊళ్లో గుడి ముందు కాళ్లు కడుక్కున్నంత భక్తిగా అందులో నిలబడి రమణయ్యతో పది నిమిషాలు కబుర్లు చెప్పాను. బయటికి వచ్చాక చూసుకుంటే, మీరు చూస్తున్న ఈ పాదాలు. రమణయ్య నవ్వు ఆపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

గట్టు మీద షెడ్డులో ప్లగ్గు పక్కన కూర్చుని సువార్త లాప్‌టాప్ తెరిచింది. 'పొలం' పని మొదలుపెట్టే వాళ్లకి ఒక సూచన ఉంటుంది: ముందు మొత్తం దింపుకోండి, ఐదు నిమిషాల పని. ఆమెకి ఆరు రోజులు పట్టిందట. ఫోన్‌లో రోజుకి వచ్చే డేటా అయిపోగానే ఆపి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేది. ఆ సూచనని నాలుగేళ్ల కింద తెలుగు చేసింది నేనే. ఐదు నిమిషాలు ఎవరికి అని నాకు అప్పుడు తోచలేదు.

ఆమె పంపిన పేజీ కింద జరిగిన సంభాషణంతా లాప్‌టాప్‌లో దాచి ఉంచింది, అదంతా చదివాను. పరిశీలకులు అడుగుతారు: ఒకే పొద్దున నీటి కొలత రెండుసార్లు ఎందుకు? దాని కింద సువార్త జవాబు: సారీ సర్, తీసేశాను. మాటలు చాలవా, పక్కన బొమ్మలు ఎందుకు? సారీ సర్, తీసేశాను. చంద్రుడి గడి ఎందుకు? సారీ సర్, తీసేశాను. అలా పన్నెండు సారీలు. ఆ ప్రశ్నల్లో నాలుగు అడిగింది ఒక మహిళ, ఆమె కూడా సర్ అయిపోయింది.

చంద్రుడి గడి అంటే, రోజువారీ వివరాల పక్కన అమావాస్య, పౌర్ణమి అని గుర్తుపెట్టే చిన్న గడి. నా ప్రూఫుల చెయ్యి ఊరుకుంటుందా?

"ఇదొక్కటి తీసేసి మంచి పని చేశావు సువార్తా. సాఫ్ట్‌వేర్ల తిథులెందుకు?" అన్నాను.

"అవునక్కా. సారీ," అంది. తల వంచుకుంది.

రమణయ్య లేచి వెళ్లి నీళ్లలోంచి చెక్ ట్రే పైకి లాగాడు. మేత ఎంత మిగిలిందో చూడ్డానికి గుంటలో వేలాడదీసే పళ్లెం అది. దాని నిండా తెల్లటి, పల్చటి పొరలు. రొయ్యలు వదిలేసిన పెంకులు. మధ్యలో ఉన్న ఒక రొయ్యను తీసి నా అరచేతిలో పెట్టాడు. జున్నులా మెత్తగా ఉంది. నొక్కితే నలిగిపోయేలా ఉంది.

"ఎల్లుండి అమావాస్య. ఇప్పుడు పెంకు వదలతాయి. వదిలినప్పుడు మేత తినవు. తెలీక మామూలుగా మేతేస్తే అడుగున కుళ్లి నీళ్లు చెడిపోతాయి, సరుకంతా పోతాది. ఇది పంచాంగం చదివి పెంకు వదల్లేదు మేడమ్," అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. రొయ్యని జాగ్రత్తగా నీళ్లలో వదిలి సువార్త వైపు తిరిగాను.

"ఇంత సంగతి ఉంటే నాకెందుకు చెప్పలే?"

"మీరు ఎందుకని అడిగినారు గదక్కా."

"అడిగితే చెప్పాలె కదా!"

"ఎందుకు అన్నారంటే తప్పు చేసినాననే గదా," అంది. చాలా సహజంగా అంది. ఆ మీద, "నేను చర్చికి పొయ్యేదాన్ని. అమావాస్య అని పెట్టినానంటే వాళ్లేమనుకున్నారో అని మరీ సిగ్గేసింది," అని కూడా అంది.

నేను గట్టు మీద కూలబడ్డాను. నిజమే కదా. మా నాన్న ఎందుకు ఆలస్యమైంది అంటే అది ప్రశ్న కాదు. మా పంతులు ఎందుకు రాశావిలా అంటే బెత్తం దెబ్బకి చెయ్యి చాచాలి. నేను ప్రెస్సులో కంపోజిటర్ని ఎందుకు ఈ కామా అని అడిగినప్పుడు ఒక్కరోజైనా అతని కారణం విన్నానా? ఆండ్రియాస్ వాళ్లు ఎందుకు అంటే ఎందుకనే. తెలీక అడుగుతున్నారు, చెప్తే వింటారు. ఈమె పన్నెండుసార్లు చెయ్యి చాచింది, చివరికి తరగతిలోంచే లేచి వెళ్లిపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నా మీద నేనే కోప్పడ్డాను.

ఇదంతా ఆమెకి చెప్పాను. నమ్మలేదు. "నిజంగా తెలీకే అడిగినారా? అంత పెద్దోళ్లకి తెలీదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

"మేడమ్‌కే తెలీలేదు గదా పాపా," అన్నాడు రమణయ్య. ఆ మాటతో నమ్మింది.

ముత్తుకూరు

సాయంత్రం సువార్త స్కూటీ మీద ముత్తుకూరు వెళ్లాం. ఆమె భర్త యోసేపు అక్కడ పోర్టు దగ్గర పనిచేస్తాడు. ఆదివారం కూడా డ్యూటీ పడింది, బట్టలు ఇవ్వాలి. దారి పొడుగునా బొగ్గు లారీలు. మా ముఖాలు చూసుకుని మేమే గుర్తుపట్టలేదు. ఆకాశంలో కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు.

యోసేపు టీ ఇప్పించాడు. పది రూపాయల టీ, దాంట్లో అల్లం ఇరవై రూపాయలది. నిదానంగా మాట్లాడే మనిషి. "ఈడ కరెంటు తయారవతా ఉండాది మేడమ్. ఇంటి కాడ నుంచి కరెంటు పొయ్యిందని నాకు ఫోనొస్తాది," అన్నాడు. లాప్‌టాప్ తెచ్చిచ్చింది ఆయనే. ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ పాత సామాను అమ్మితే కొన్నాడు. బ్యాటరీ పావుగంట కూడా నిలవదు. అందుకే ఆమె పని ఎప్పుడూ గోడకున్న ప్లగ్గు పక్కనే.

బయల్దేరేటప్పుడు భార్యతో, "రేపు మాట్లాడు. భయపడమాక," అన్నాడు. ఆమె హెల్మెట్ పెట్టుకుంటూ తల ఊపింది. వచ్చేటప్పుడు స్కూటీ కాస్త వేగంగా నడిపింది, లేదా నాకలా అనిపించింది.

మైపాడు

ఆదివారం పొద్దున వాళ్లతో పాటు చర్చికి వెళ్లాను. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చున్నాం. ఆడవాళ్లంతా కొంగు తల మీదికి కప్పుకున్నారు, నేనూ కప్పుకున్నాను. పాస్టరు గారు ప్రార్థనలో ఊళ్లో జ్వరాలతో మంచాన ఉన్నవాళ్లని తలుచుకున్నాక, గుంటలకి వైరస్ రాకుండా కాపాడమని, రేటు పడిపోకుండా చూడమని కూడా అడిగారు. మా ఊళ్లో దేవుణ్ణి ఇంత వివరంగా అడగరు.

మధ్యాహ్నం చేపల పులుసు. ముందు రోజు వండి పెట్టింది. నెల్లూరు వాళ్లు చేపల పులుసు వండిన రోజు తినేవాళ్లని జాలిగా చూస్తారు. మామిడికాయ ముక్కల పులుపు రాత్రంతా ముక్కకి పట్టాలట. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాక కరుణమ్మకి నా మీద అభిప్రాయం కొంచెం మారింది.

సమావేశం నాలుగున్నరకి. రెండింటికల్లా నేను పన్నెండు ప్రశ్నలకీ జవాబులు చక్కటి ఇంగ్లీషులో కాగితం మీద రాసి ఇచ్చాను. కామాలు, సెమికోలన్లు అన్నీ ఎక్కడివక్కడ. మూడింటికి కరెంటు పోయింది. మూడున్నరకీ రాలేదు. అప్పుడు సువార్తకే తోచింది. గుంటల దగ్గర ఏరియేటర్లు ఆగకూడదు కాబట్టి రమణయ్య షెడ్డులో జనరేటర్ ఉంటుంది. నెట్ కోసం నా ఫోన్‌ని వెదురు గడకి కట్టి షెడ్డు మీద నిలబెడితే కొద్దిగా సిగ్నల్ వచ్చింది. ఆదివారం మింగేస్తున్న ఈ పని ఏమిటో చూస్తానని కరుణమ్మ కూడా మాతో వచ్చింది. ఎండబెట్టిన మేత సంచుల మీద కూర్చుంది. తొట్టిలో నేను మాత్రం ఈసారి ముంచి తీశాను.

తెర మీద ఆండ్రియాస్ కనిపించాడు. గళ్ల స్వెట్టరు, వెనక మంచు. ఇంకో ముగ్గురు ఉన్నారు. పలకరింపులయ్యాక, చంద్రుడి గడి ఎందుకో చెప్పగలవా అని అడిగాడు.

సువార్త నోరు తెరిచింది. "సా—" అని ఆగింది. నా కాగితం చూసింది. ఒక నిమిషం చదివి పక్కన పెట్టేసింది.

"ఇది మీ మాట అక్కా. నాది నేను చెప్తా," అంది నాతో.

తర్వాత తన ఇంగ్లీషులో చెప్పింది. ఆ రోజుల్లో రొయ్య పెంకు వదులుతుంది. తినదు. మేత వేస్తే నీళ్లు చెడతాయి. చచ్చిపోతాయి. రైతుకి గుర్తు చేయాలి, అందుకు. కొలత రెండుసార్లు ఎందుకంటే ఎండ రాకముందు నీళ్లలో గాలి తక్కువ, వచ్చాక ఎక్కువ, రెండూ తెలియాలి. బొమ్మలు ఎందుకంటే ఇక్కడ మేత వేసేవాళ్లు ఒడిశా నుంచి వచ్చారు, తెలుగు చదవరు. ఎక్కడా కామా లేదు, ఎక్కడా సర్ లేదు. మొదట మాటలు తడబడ్డాయి, మూడో ప్రశ్నకి కుదురుకున్నాయి. ఐదో ప్రశ్నకి రమణయ్య మధ్యలో దూరి తెలుగులో గట్టిగా వివరించాడు, చలి దేశంలో వాళ్లకి వినపడాలని. ఎనిమిదో ప్రశ్నకి ఆమె, "అది నా తప్పే, మీరన్నది కరెక్టు, మారుస్తాను," అంది. తప్పుని తప్పని ఆమె అంత ధైర్యంగా చెప్పడం చూసి నాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఎవరైనా చూస్తారని జనరేటర్ పొగ వంక పెట్టాను.

అంతా విన్నాక ఆండ్రియాస్ చాలాసేపు ఏదో రాసుకున్నాడు. పేజీ చాలా అవసరమైనదే అన్నాడు. కానీ మా వాళ్లెవరికీ రొయ్యల గురించి తెలియదు. రేపు ఇందులో ఏదైనా చెడిపోతే, ఇంకో ఊరి రైతు ఏదైనా అడిగితే, చూసుకునేదెవరు? బాధ్యత తీసుకునే మనిషి లేకుండా ఏ పేజీనీ చేర్చం, ఇది అందరికీ ఒకటే నియమం. వారానికి కొన్ని గంటలు పడుతుంది. నువ్వు చూసుకోగలవా?

ఈ ప్రశ్నకి సువార్త కారణం చెబితే చాలదు, గంటలు చూపించాలి. ఆరు రోజులు ల్యాబు, తెల్లారితే పొయ్యి, పొద్దుపోతే పొయ్యి. ముఖం వాడిపోయింది. నేను చూసుకుంటానని అనబోయాను. నాకు కోడు రాయడం రాదు. రమణయ్య నేల చూపులు చూస్తున్నాడు. ఏరియేటర్లు మాత్రం తిరుగుతున్నాయి.

"ఏమంటా ఉండాడాయన? ఎందుకట్టా గమ్మునైపోయినారు?" అంది సంచుల మీంచి కరుణమ్మ.

చెప్పాను. వారానికి కొన్ని గంటలు కావాలట, లేకపోతే కుదరదట.

కరుణమ్మ కోడలి వైపు చూసింది, తర్వాత తెర మీది స్వెట్టరు మనిషి వైపు చూసింది. ఇందాకటి నుంచీ ఆమె అన్నీ వింటూనే ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమై ఉండదు. కోడలు అడిగినదానికల్లా జవాబు చెప్పడం మాత్రం కళ్లారా చూసింది.

"ఆదివారం సాయంకాలం అది పొయ్యి కాడికి రాదని చెప్పు ఆయనకి. నేను వండతా. యోసేపుకీ, నాకూ, దానికీ. అది ఈ పనే చేసుకుంటాది," అంది.

"అత్తా..." అంది సువార్త.

"ఏం, నాకు వంట రాదా? నువ్వు రాకముందు ఎవరు వండినారు?"

నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, పొయ్యితో సహా. ఆండ్రియాస్ అత్తగారి పేరు అడిగాడు, రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తర్వాత, బాధ్యుల జాబితాలో ప్రతి పేరు పక్కనా ఎప్పుడు దొరుకుతారో రాయాలి, ఇప్పుడే రాసేస్తాను అన్నాడు.

ఆ జాబితా ఎవరైనా తెరిచి చూడొచ్చు, అన్ని దేశాల వాళ్లకీ కనబడుతుంది. మిగతా పేర్ల పక్కన విశ్వవిద్యాలయాలున్నాయి, పెద్ద పెద్ద సంస్థలున్నాయి. చివరి పేరు పక్కన ఇలా ఉంది: రొయ్యల గుంటలు, సువార్త, మైపాడు. ఆదివారం సాయంత్రాలు. ఆ పూట వంట కరుణమ్మ గారిది.